మారిసామి అరిచేతులు

మారిసామి అరిచేతులు చూసినవాళ్లు అతను రాళ్లు కొట్టి బతుకుతాడనుకునేవారు. ప్రతి వేలి మొదట్లోనూ ఒక కాయ. కాయల కింద పాత చీలికలు మానిన తెల్లటి గీతలు. ఒకసారి సాత్తూరు బస్సులో టిక్కెట్టు ఇస్తూ కండక్టరు ఆ చేతిని తిప్పి చూశాడు.

"ఏ క్వారీ తంబీ?"

"క్వారీ లేదన్నా. జిమ్నాస్టిక్స్."

"అంటే?"

"కమ్మి పట్టుకుని గిరగిరా తిరగడం."

"ఓ, సర్కసా!"

"అవునన్నా. సర్కసే."

విడమరిచి చెప్పడం అతను ఎప్పుడో మానేశాడు. అతని ఊరు కోవిల్‌పట్టిలో ఆట అంటే హాకీ. సాయంకాలం ఏ మైదానం చూసినా కర్రలే. పని అంటే అగ్గిపెట్టెలు. ఈ రెంటికీ చెందని ముచ్చట ఏదైనా సరే, ఆ ఊళ్లో రెండుసార్లు చెప్పవలసి వచ్చేది.

తండ్రి సుడలై అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లల చట్రాలను మందులో ముంచేవాడు. తల్లి అళగమ్మాళ్ అదే కంపెనీలో ఆ చట్రాల్లో పుల్లలు పేర్చేది. వాళ్ల పెద్దలు విళాత్తికుళం వైపు నల్లరేగడిలో కూలి చేసి, వానలు మొహం చాటేసిన ఏడు ఊరు చేరినవాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కూతురికి తమిళ్‌సెల్వి అని పేరు పెట్టుకుని, ఆమెను తెలుగులోనే తిట్టేవారు. ఆమె తర్వాత రెండేళ్లకు పుట్టినవాడు మారిసామి.

1990 ఎండాకాలం. కంపెనీ వెనక ఆవరణలో పుల్లలు ఎండబోసి ఉన్నాయి. వాటి మీద కాలు పడకూడదు. పడితే మేస్త్రీ చెవి మెలిపెడతాడు. అమ్మకు కూడు తెచ్చిన, తొమ్మిదో ఏడు నడుస్తున్న మారిసామికి చుట్టూ తిరిగి వెళ్లే ఓపిక లేదు. పరుగెత్తుకొచ్చి గాల్లో పల్టీ కొట్టి పుల్లల బారు అవతల నిలబడ్డాడు. నిలబడ్డాక గుర్తొచ్చింది, కూడు గిన్నె ఇవతలే పెట్టాడని. మళ్లీ పల్టీ కొట్టి వచ్చాడు. గిన్నె తీసుకుని చుట్టూ తిరిగి నడిచి వెళ్లాడు.

ఆ రెండు పల్టీలనూ చూసినవాడు పొన్నయ్య సారు. కడంబూరు నుంచి వచ్చిన క్రైస్తవుడు, ఆయనదీ ఇంట తెలుగే. ఒక బళ్లో వ్యాయామం నేర్పేవాడు. ఆ రోజు కంపెనీకి వచ్చింది వంకర పోయిన రద్దు పుల్లలు అడిగి తీసుకుపోవడానికి.

"ఏరా, కాలు ఒక్క పుల్లకన్నా తగిలిందా?"

"లేదు సార్. కావలిస్తే లెక్క పెట్టుకోండి."

సారు నవ్వలేదు. "రేపు సాయంకాలం పత్తి గోదాముకు రా. నీకు పడేదానికి చోటు చూపిస్తా" అన్నాడు.

ఆ గోదాము మూతపడి చాలా కాలమైంది. పొన్నయ్య సారు దాని దూలానికి రెండు కొయ్య ఉంగరాలు వేలాడదీశాడు. వాటిని చేసింది బండి చక్రాలు చేసే వడ్రంగి. మనిషికి అందనంత ఎత్తులో, గోడ నుంచి గోడకు అడ్డంగా ఒక ఇనుప కమ్మి బిగించాడు. దాని కింద గుంట తవ్వి, గుంట నిండా రద్దు పుల్లలు పోయించాడు. మందు అంటని ఉత్త పుల్లలు. పడితే మెత్తగా దిగబడేవి, కానీ చొక్కాలోకీ జుట్టులోకీ చెవుల్లోకీ దూరేవి. రోజూ సాయంకాలం అళగమ్మాళ్ కొడుకు తలలోంచి పుల్లలు ఏరేది.

"పగలంతా కంపెనీలో పుల్లలు పేర్చేది నేనే. ఇంటికొస్తే నీ నెత్తిలో ఏరేదీ నేనే. నా తలరాత పుల్లమీద రాసినాడురా దేవుడు."

అలా పదమూడేళ్లు గడిచాయి. 1996లో రాష్ట్ర స్థాయి బడి పిల్లల పోటీల్లో మూడోవాడు. 1999లో దేశం మొత్తం మీద చిన్నవాళ్లలో ఆరోవాడు. 2001లో ఎత్తు కమ్మి మీద రాష్ట్రంలో మొదటివాడు. ఆ పతకాన్ని అళగమ్మాళ్ మారియమ్మ పటానికి తగిలించింది. పటం ఒక పక్కకు ఒరిగింది. ఆమె దాన్ని సరిచేయలేదు.

2003లో పడ్డాడు.

మదురైలో పోటీ. కమ్మి వదిలి గాల్లో తిరిగి మళ్లీ కమ్మి అందుకోవాలి. రెండు చేతులూ అందవలసిన చోట ఒక్క కుడిచెయ్యే అందింది. ఒంటి బరువంతా ఆ చేతి మీద మెలితిరిగింది. మోచెయ్యి కీలు తప్పింది. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు కీలు కూర్చి కట్టు వేసి, బయటికి వచ్చి చెప్పాడు. చెయ్యి పనికి వస్తుంది, తినడానికీ రాయడానికీ ఇబ్బంది ఉండదు, కానీ తిన్నగా చాచడం మాత్రం కష్టం.

అళగమ్మాళ్ వరండాలోకి వచ్చింది. విరుదునగరం ఎటువైపో ఆమెకు తెలియలేదు. బస్సుల చప్పుడు వినిపిస్తున్న వైపు తిరిగి దణ్ణం పెట్టింది. విరుదునగరం మారియమ్మను పైకే పలకరించింది.

"తల్లీ, ఈ చెయ్యి మళ్లీ తిన్నగా నిలిచిందంటే, ఈ చేతిమీదే నీకు అగ్గిచట్టి ఎత్తిస్తా."

మార్చి ఏప్రిల్ నడుమ వచ్చే పంగుణి నెలలో ఆ అమ్మవారికి పొంగలి పండగ. ఆ మర్నాడు మొక్కుకున్నవాళ్లు నిప్పులు నింపిన మట్టి చట్టిని చేతుల మీద పెట్టుకుని ఊరంతా నడిచి గుడికి చేరతారు. చట్టికీ అరిచేతికీ మధ్య గుప్పెడు వేపమండలు తప్ప మరేమీ ఉండదు. మొక్కిన ఆ క్షణంలో అళగమ్మాళ్‌కు తోచింది అదొక్కటే, అందరు తల్లులకూ తోచేదే. కొడుకు బతుకంతా ఆ అరిచేతుల చర్మం మీదే నిలబడి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అతను పడేది మోచెయ్యి వల్ల అనుకుంది. అతను ఎగిరేది అరిచేయి వల్ల అని తెలియదు.

మరుసటి పంగుణికి చెయ్యి ఇంకా పూర్తిగా తిన్నగా రాలేదు. ఆ పైఏడు ఇంట్లో ఉండే ముసలి అవ్వ పోయి, మైల వల్ల మొక్కు ఆగింది. అప్పటికి చెయ్యి తిన్నగానే ఉంది. పదకొండు నెలలు నూనె మర్దనా, తర్వాత ఆరు నెలలు ఇసుక సంచి మోత, ఆ తర్వాత ఒకరోజు పొన్నయ్య సారు అతన్ని నడుము పట్టి ఎత్తి ఉంగరాలకు తగిలించి, మెల్లగా తన చేతులు తీసేశాడు. మారిసామి వేలాడాడు. అంతే. ఆ రోజుకు అది చాలు.

2006లో, పంగుణికి ముందటి మాసి నెలలో రైల్వే నుంచి ఉత్తరం వచ్చింది. ఆటగాళ్ల కోటాలో ఉద్యోగానికి చెన్నైలో పరీక్ష. ఆరు అంశాలు, ఆరూ చేయాలి. ఇరవై ఐదేళ్లు నిండితే ఇక పిలవరు. మారిసామికి జూన్‌లో వచ్చే ఆని నెలలో నిండుతాయి. అంటే ఇదే మొదటి పిలుపు, ఇదే ఆఖరు. తేదీ చూసి సంబరంగా ఇంట్లోకి పరుగెత్తాడు. అళగమ్మాళ్ పంచాంగం తెరిచి వేళ్లు మడిచింది.

"పొంగలి ఆదివారం. అగ్గిచట్టి సోమవారం. నీ పరీచ్చ శనివారం. మంచిదే. ముందు మొక్కు తీర్చి పోతావు."

"అమ్మా, చెయ్యి కాలితే అయిదు దినాల్లో మానదు."

"కాలదురా. మొక్కిన చెయ్యి కాలదు."

"పోయినేడు మేలవీధి అత్తకు కాలలేదా? పది దినాలు కూడు తినిపించినారే."

"ఆమె మనసులో ఏమి ఉండిందో."

"మనసులో ఉండేదానికి చెయ్యి ఏల కాలుతుందమ్మా?"

అళగమ్మాళ్ పంచాంగం మూసింది. "ఆ చెయ్యి తిన్నగా నిలిచిందే ఆమె వల్ల. ఆమెకు చూపించకుండా దాన్ని రైలెక్కిస్తావా? వచ్చే ఏడు చేస్తాననకు. వచ్చే ఏడు నువ్వు యాడ ఉంటావో, నేను యాడ ఉంటానో."

మూలలో కూర్చున్న సుడలై నోరు తెరిచాడు. "మందు ముంచి ముంచి నా వేళ్లకు వేడే తెలీదు. నేను ఎత్తుతా."

"నువ్వా? నీ చెయ్యి విరిగిందా? నీ చెయ్యి కోసం మొక్కినానా? గమ్మున కూర్చో."

సుడలై చుట్ట వెతుక్కున్నాడు.

మర్నాడు గోదాములో మారిసామి సంగతంతా చెప్పాడు. పొన్నయ్య సారు అతని కాయలను చిన్న బ్లేడుతో గీరి చదును చేస్తున్నాడు. కాయ ఎత్తుగా పెరిగితే కమ్మి దాన్ని పట్టుకుని ఊడబెరుకుతుంది. అలా ఊడితే కింద ఎర్రటి పచ్చి మాంసం. అది ఆరడానికి వారం. కాలిన చర్మమైతే చెప్పక్కర్లేదు, మొదటి తిరుగుడుకే చేతిలోంచి ఊడి వస్తుంది.

"మీరు అమ్మకు చెప్పండి సార్. మీ మాట వింటాది."

సారు బ్లేడు ఆపలేదు. "నేను ఏసును మొక్కేవాణ్ని. మీ అమ్మకూ మీ అమ్మవారికీ నడుమ నేను దూరితే ఇద్దరూ నన్ను వదలరు. ఆదివారం మోకాళ్ల మీద నీ అరిచేతుల కోసం అడుగుతా. అంతవరకే నా సరిహద్దు."

గోడ మీద ఒక పత్రికలోంచి చింపిన బొమ్మ అంటించి ఉంది. అంతకు ముందటేడు సారు తెచ్చి అంటించాడు. ఎవరో బ్రెజిల్ ఆటగాడు, నేల మీద చేసే అంశంలో, తలకిందులుగా గాల్లో ఆగిపోయి ఉన్నాడు. కింద ఉన్న పేరు జిగురు అంటి చెరిగిపోయింది.

"వాణ్ని చూడు. వాళ్ల ఊళ్లో అంతా బంతి తంతారంట. వీడొక్కడూ తలకిందులైనాడు. మన ఊళ్లో అంతా హాకీ కర్ర పట్టితే నువ్వు కమ్మి పట్టినావు. ఎవరూ చూడని ఆట ఆడేవాడికి భయం ఎక్కువగానే ఉంటుందిరా. వాడికీ ఉండే ఉంటుంది."

"వాళ్లమ్మ అగ్గిచట్టి మొక్కి ఉండదు సార్."

ఇప్పుడు సారు నవ్వాడు.

మొక్కు దీక్షకు మారిసామి మణికట్టుకు పసుపుతాడు కట్టారు. ఒంటిపూట భోజనం, చాప మీద పడక. రెండు కిలోలు తగ్గాడు. ఉంగరాల మీద ఒళ్లు తేలిగ్గా లేచింది. ఆ ఒక్క లాభం మాత్రం అమ్మవారే ఇచ్చిందని ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లోనే అళగమ్మాళ్ రెండుసార్లు కంపెనీకి సెలవు పెట్టి విరుదునగరం వెళ్లివచ్చింది. తమిళ్‌సెల్విని అక్కడే ఇచ్చారు. "ఊరికే, కూతురిని చూసి వస్తా" అంది. రెండోసారి వచ్చినప్పుడు ఆమె చీర అంచుకు ఎర్రమన్ను ఉంది. ఎవరూ అడగలేదు.

పొంగలి నాటికి అందరూ తమిళ్‌సెల్వి ఇంటికి చేరారు. సోమవారం తెల్లవారాక, తల్లి స్నానానికి పోయిన సమయం చూసి, మారిసామి అక్కను పెరట్లోకి పిలిచాడు. సంచిలోంచి రెండు తోలుపట్టీలు తీశాడు. కమ్మి పట్టేటప్పుడు అరిచేతికి అడ్డంగా కట్టుకునేవి. మధ్య వేళ్లకు రెండు కంతలు, మణికట్టు దగ్గర పట్టీ.

"అక్కా, వీటిమీద వేపమండలు పెట్టి పట్టుకుంటే కనబడదు."

తమిళ్‌సెల్వి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "తోలా? గుడికి చెప్పు కూడా వేసుకుని పోరే, నువ్వు చేతులకు తొడుక్కుని పోతావా?"

"కాలితే శనివారం ఏమి చేసేది?"

"అమ్మకు తెలిస్తే?"

"నువ్వు చెప్పకుంటే తెలీదు."

ఆమె లోపలికి పోయి పసుపు ముద్ద తెచ్చింది. "ఇటు ఇయ్యి. ఈ రంగుతో పోతే గుడ్డివాడు కూడా కనిపెడతాడు." తోలుకు పసుపు పట్టించింది. అతని ముంజేతుల దాకా పసుపు రాసింది. తోలెక్కడ మొదలైందో చర్మమెక్కడ ఆగిందో తెలియకుండా చేసింది. "చిన్నప్పుడు నువ్వు మామిడికాయలు దొంగిలిస్తే కాపలా ఉన్నాను. ఇప్పుడు ఇది. నాకు ఎప్పుడూ ఇదే పని" అంది.

చట్టి తెచ్చింది అళగమ్మాళ్. కొత్త చట్టి, పసుపు రాసి, మెడకు వేపాకు కట్టి. ఎవరినీ తాకనివ్వలేదు. తానే బూడిద పరిచింది, తానే నిప్పులు వేసింది, తానే రెండు చేతులా ఎత్తి, కాస్త ఆయాసపడుతూ, కొడుకు చేతుల్లోని వేపమండల మీద పెట్టింది.

మారిసామి మోకాళ్లు వంగాయి.

అంత బరువుందది. రుబ్బురోలును ఎత్తి చేతిలో పెట్టినట్టుంది. పక్కన ఒక ముసలామె అదే పరిమాణంలో ఉన్న చట్టిని ఎడమ చేతి నుంచి కుడి చేతికి అలవోకగా మార్చుకుంటూ నడుస్తోంది. అతను తన చట్టిని చూశాడు. అమ్మవారికి తెలిసిపోయింది అనుకున్నాడు. తోలు సంగతి తెలిసిపోయి, తూకం పెంచింది.

నడిచాడు. పలక డప్పు చప్పుడు ముందు, జనం వెనక. వీధికి రెండువైపులా ఆడవాళ్లు బిందెలతో నిలబడి నిప్పు మోసేవాళ్ల కాళ్ల మీద పసుపు నీళ్లు పోస్తున్నారు. కొందరు భక్తి ఎక్కువై చేతుల మీదా పోస్తున్నారు. నడివీధిలో ఒకామె బిందె వంచింది. నీళ్లు వేపమండల గుండా కిందికి దిగి తోలును తడిపాయి.

తడిసిన తోలు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. చెమట పట్టిన రోజున కమ్మి మీద అది చేపలా జారుతుంది. ఇక్కడ కింద కమ్మి లేదు, పైన బరువుంది. చట్టి ముందుకు ఒక అంగుళం జరిగింది. అతను వేళ్లు బిగించాడు. మరో అంగుళం జరిగింది. చట్టి అంచున ఒక బొగ్గు కదిలి, వీధిలో పడి, తడిలో చుయ్యిమని ఆరింది. వెనక ఎవరో "అయ్యో" అన్నారు. అమ్మవారి చట్టి కింద పడితే అంతకు మించిన అపచారం లేదు. పడేది తన కాళ్ల మీద. చుట్టూ చెప్పుల్లేని కాళ్లు.

అక్క పక్కనే ఉంది. "అక్కా, లాగెయ్" అన్నాడు.

"ఏమిటి?"

"తోలు. ఎడమది ముందు. లాగు."

చట్టి మొత్తం కుడిచేతి మీదికి తెచ్చుకున్నాడు, మూడేళ్ల కిందట మెలితిరిగిన చేతి మీదికి. మోచెయ్యిని తిన్నగా కాకుండా కొద్దిగా వంచి, ఉంగరాల మీద బరువు నిలిపినట్టు నిలిపాడు. తమిళ్‌సెల్వి జనానికి వీపు పెట్టి, మణికట్టు పట్టీ విప్పి, తోలును లాగి రొంటిలో దోపుకుంది. ఎడమచెయ్యి ఇప్పుడు ఖాళీ. పట్టుకోవాలి. ఆ చెయ్యి ఒక క్షణం గాల్లోనే ఆగింది. శనివారం, కమ్మి, ఇరవై ఐదేళ్లు, అన్నీ ఆ ఒక్క క్షణంలో పట్టాయి. తర్వాత చెయ్యి చట్టి కిందికి వెళ్లింది.

వేడి.

కాలే వేడి కాదు. అప్పుడే కాఫీ తాగేసిన గ్లాసు వేడి.

నమ్మలేదు. నాలుగడుగులు వేశాడు. పదడుగులు వేశాడు. అదే వెచ్చదనం. కుడి తోలును కూడా లాగమన్నాడు. ఉత్త అరిచేతులు రెండూ చట్టి కింద, నడుమ వాడిన వేపాకులు. బరువు మాత్రం బరువే. భుజాలు వణుకుతున్నాయి. అయితే ఆ వణుకు అతనికి పరిచయమే, పదహారేళ్లుగా రోజూ సాయంకాలం వచ్చి కూర్చుని పోయే చుట్టం. ఎంతసేపు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలుసు. గుడి దాకా ఆ చుట్టంతోనే నడిచాడు. నిప్పుల్ని గుండంలో కుమ్మరించినప్పుడు అతని కళ్లల్లోంచి నీళ్లు కారాయి. పొగ వల్ల అనుకున్నారు అంతా.

అక్క ఇంటి అరుగు మీద అళగమ్మాళ్ వెన్న గిన్నె పట్టుకుని కూర్చుంది.

"చెయ్యి చూపించు."

చూపించాడు. వేళ్ల మొదట్లో కాయలు, తెల్లటి పాత గీతలు, పసుపు. బొబ్బ లేదు. ఎరుపు కూడా లేదు. ఆమె రెండు అరిచేతుల్నీ దగ్గరికి తీసుకుని కళ్లకద్దుకుంది. అద్దుకుంటూ ఆగింది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"ఏమిరా, తోలు వాసన వస్తాండాదే?"

తమిళ్‌సెల్వి గబుక్కున లేచి ఇంట్లోకి పోబోయింది. "నువ్వు ఆగవే. నీ రొంటి ఏల ఉబ్బుగా ఉండాది?"

ఇక దాచడం కుదరలేదు. మారిసామి అంతా చెప్పాడు. నడివీధిలో తీసేసిన సంగతి కూడా చెప్పాడు. అపచారం చేశానన్నాడు. అమ్మవారు అందుకే చట్టిని అంత బరువు చేసిందన్నాడు. అళగమ్మాళ్ తల వంచుకుని వింది. తిట్టు కోసం ఇద్దరూ ఎదురుచూశారు.

"చట్టి బరువు ఆమె చేసింది కాదురా" అంది చివరికి. "నేను చేయించినా."

"నువ్వా?"

"నాకు మాత్రం బయం లేదా? నువ్వు మానదన్న దినం నుంచి నాకు నిద్దర యాడ వచ్చింది. మీ అక్క వీధి కొసన కుమ్మరి ఆండి ఉండాడే, వాడికాడికి పోయినా. అడుగు మూడింతల మందం పెట్టి చెయ్యమన్నా. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసినాడు. 'అక్కా, అంత మందం ఆవంలో కాల్చితే పగిలిపోతాది, పగలకున్నా ఎవరూ మోయలేరు' అన్నాడు. రెండు పగిలే పోయినాయి. మూడోది నిలిచింది."

"మోయలేకుండా కింద వేసి ఉంటే?"

"నువ్వా?" ఆమె అతని భుజం మీద ఒక్కటిచ్చింది. "ఇన్నేళ్లు నీ నెత్తిలో పుల్లలు ఏరిన దాన్ని. నీ చెయ్యి నిప్పుకు ఓర్చునో లేదో నాకు తెలీదు. బరువుకు ఓర్చునని తెలుసు."

అప్పటిదాకా గుమ్మంలో చుట్ట కాలుస్తున్న సుడలై దగ్గాడు. నవ్వు దగ్గులో కలిసిపోయింది. ముందు తమిళ్‌సెల్వి నవ్వింది, తర్వాత మారిసామి. అళగమ్మాళ్ మాత్రం నవ్వుతూనే ఒకసారి గుడివైపు చూసింది. వెన్న వృథా పోకూడదని అందరికీ రొట్టెల మీద రాసి పెట్టింది.

శనివారం చెన్నైలో, ఆరో అంశంగా ఎత్తు కమ్మి వచ్చింది. మారిసామి చేతులకు తెల్లపొడి రాసుకున్నాడు. తోలుపట్టీలు కట్టుకున్నాడు. వాటికి ఇంకా పసుపు వాసన ఉంది. పొన్నయ్య సారు నడుము పట్టి ఎత్తి కమ్మి అందించి పక్కకు తప్పుకున్నాడు. మూడు పెద్ద చుట్లు తిరిగాక, మదురైలో పడ్డ చోటు వచ్చింది. వదిలాడు. గాల్లో తిరిగాడు. కమ్మి రెండు చేతుల్లోకీ వచ్చింది. ఒకటి ముందూ కాదు, ఒకటి వెనకా కాదు. దిగేటప్పుడు ఒక చిన్న అడుగు తప్పింది. దానికి పాయింటులో కొంత పోయింది. పోనీ.

ఆని నెల మొదటి వారంలో, అతనికి ఇరవై ఐదు నిండడానికి తొమ్మిది రోజుల ముందు, ఉద్యోగపు ఉత్తరం వచ్చింది. పొన్నయ్య సారు దాన్ని గోదాములో నిలబడి రెండుసార్లు చదివి, మడిచి ఇచ్చి, "ఇక నా సరిహద్దు దాటినావు. పో" అన్నాడు. గోడ మీది బ్రెజిల్ బొమ్మ ఒక మూల ఊడి వేలాడుతోంది. దాన్ని అరిచేత్తో నొక్కి మళ్లీ అంటించి, కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

మారిసామిది పెద్ద పేరు కాలేదు. నాలుగేళ్లు రైల్వే జట్టులో ఆడాడు. ఉంగరాల మీద ఒక కంచు పతకం వచ్చింది. విరుదునగరం స్టేషనులో పార్సిళ్ల ఆఫీసులో కూర్చునేవాడు. మనిషి మోయలేని పెట్టె ఏదైనా వస్తే కూలీలు అతని వంక చూసి నవ్వేవారు. అతనూ నవ్వి లేచేవాడు. మోచెయ్యి వాన వచ్చే ముందు నొప్పి పెట్టేది. ఆ ఎండు నేలలో వాన తరచుగా రాదు గనుక పెద్దగా ఫిర్యాదు లేదు.

చెప్పవలసింది ఇంకొకటి ఉంది. అది 2007 పంగుణిలో జరిగింది.

అళగమ్మాళ్ ఎవరికీ ముందు చెప్పలేదు. మణికట్టుకు పసుపుతాడు చూసి కొడుకు అడిగితే, "నాకే" అంది.

"నీకు ఏమి మొక్కమ్మా?"

"మొక్కు లేదు. చెప్పవలసిన మాట ఒకటి ఉండాది."

ఈసారి చట్టి మామూలు చట్టి. ఆండి దగ్గర వరసలో ఉన్నవాటిలోంచి తీసుకున్నది, అందరూ తీసుకునేది. పలచనిది. మారిసామి దాని అడుగు మీద వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది. తానే ఆమె చేతుల్లోని వేపమండల మీద పెట్టాడు. అప్పుడామె పెదవులు కదిలాయి. అతను దగ్గరగా ఉన్నాడు కాబట్టి విన్నాడు.

"తల్లీ, పోయినేడు నా కొడుకు చేతుల్ని నీకు మరుగు చేసినాను. నా చేతులు ఇవిగో."

ఆమె నడిచింది. అరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషి, జీవితమంతా పుల్లలు తప్ప మరే బరువూ మోయని వేళ్లు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి చట్టి మారుతోంది, ఎక్కడా ఆగకుండా, చట్రంలో పుల్లలు పేర్చే వేగంతో. మారిసామి పక్కనే బిందెతో నడిచాడు. కాళ్ల మీద మాత్రమే నీళ్లు పోశాడు. ప్రతి మలుపులోనూ ఆమె మొహం చూశాడు. మొహంలో ఏమీ తెలియలేదు. ఆ వీధి అంత పొడవున్నదని అతనికి కిందటేడు తెలియలేదు.

గుండం దగ్గర నిప్పులు కుమ్మరించి ఆమె పక్కకు వచ్చింది. జనంలోంచి బయటపడి, ఒక గోడ నీడన నిలబడింది. పిడికిళ్లు మూసే ఉన్నాయి. అతను బిందె కింద పెట్టాడు.

ఆమె అతని ఎదురుగా రెండు చేతులూ విప్పింది. వాటికి అంటుకుని వేపాకులు. ఒక్కొక్కటే, కొడుకు తలలోంచి పుల్లలు ఏరినట్టు, అతను ఏరాడు. ఎడమ బొటనవేలి కింద అగ్గిపుల్ల తలంత ఎర్రటి చుక్క. అది తప్ప మరేమీ లేదు.

"చాలు పో" అంది అళగమ్మాళ్. "ఆకలిగా ఉండాది."